సలీం అలీ

సలీం అలీ (నవంబర్ 12, 1896 - జూన్ 20, 1987) సుప్రసిద్ధ భారతీయ పక్షి శాస్త్రవేత్త. ఈయన పూర్తి పేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. దేశంలోని వివిధ ప్రాంతాలలో క్రమపద్ధతిలో పక్షుల సర్వేలు నిర్వహించి, పక్షులను గుర్తించడం సామాన్య పాఠకులకు సైతం నేర్పిన గ్రంథాలను రచించాడు. చలికాలంలో ఉత్తర దేశాల నుండి తరలివచ్చే నీటిపక్షులకు విడిది అయిన రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సరస్సు పంటపొలాలుగా మారిపోకుండా నిలవడానికి ఈయన కృషి ప్రధాన కారణం. అయితే అదే సరస్సు విషయంలో ఈయన సమర్థించిన ఒక నిర్ణయం తరువాతి కాలంలో పక్షులకే చేటు తెచ్చింది.

బాల్యం

సలీం అలీ బొంబాయి నగరంలో సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించాడు. తోబుట్టువులందరిలో చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ళ వయసులో తల్లిని కోల్పోయాడు. సంతానం లేని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం బొంబాయిలోని ఖేత్‌వాడీలో ఈయనను పెంచి పెద్దచేశారు.

పక్షుల పట్ల ఈయన ఆసక్తి తుపాకీతో మొదలైంది. మేనమామ ఇచ్చిన చిన్న ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టడం ఆ ఇంటి పిల్లలకు కాలక్షేపం. పదేళ్ళ ప్రాయంలో ఒక మగ పిచ్చుకను గూటి వద్ద కొట్టిన తరువాత, లోపల గుడ్లపై కూర్చున్న ఆడ పిచ్చుక మరొక మగపక్షిని వెంటనే తెచ్చుకోవడం గమనించాడు. దానినీ కొట్టాడు. వారం రోజులలో ఎనిమిది మగ పిచ్చుకలను కొట్టి, ప్రతిసారీ కొత్తది వచ్చిన సంగతి కాగితంపై వ్రాసి ఉంచాడు. పిల్లవాడి వేట డైరీ వంటి ఆ చిన్న రాత అనేక దశాబ్దాల తరువాత పక్షి ప్రవర్తనకు సంబంధించిన పరిశీలనగా అచ్చయింది.

మరికొంత కాలానికి కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుక కాని ఆ పక్షిని తినవచ్చునో లేదో అన్న సందేహం కలిగి, మేనమామ పరిచయ లేఖతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యాలయానికి వెళ్ళాడు. సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు. ఎస్. మిల్లార్డ్ అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, గదులలో భద్రపరచిన పక్షుల నమూనాలన్నీ బాలునికి చూపించాడు. ఆ సంస్థతో సలీం అలీ అనుబంధం చివరి వరకు కొనసాగింది. 1985లో వెలువడిన ఆత్మకథకు ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో అని పేరు పెట్టడానికి ఈ పిచ్చుకే కారణం.

చదువు, ఉద్యోగం

చదువులో సలీం అలీ అంతగా రాణించలేదు. తీవ్రమైన తలనొప్పి వల్ల తరచు బడి మానవలసి వచ్చేది. 1913లో అతి కష్టం మీద మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. కళాశాల చదువు మధ్యలో వదలి, కుటుంబానికి చెందిన టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకోవడానికి బర్మాలోని తవాయ్‌కి వెళ్ళాడు. వ్యాపారం కంటే చుట్టుపక్కల అడవులే ఈయనను ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో తిరిగి వచ్చి వాణిజ్య విద్యతో పాటు సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం అభ్యసించాడు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది.

విశ్వవిద్యాలయ పట్టా లేకపోవడం వల్ల జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం లభించలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించే గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతంపై చేరాడు. రెండేళ్ళ తరువాత సెలవు తీసుకొని జర్మనీకి వెళ్ళి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొందాడు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ ద్వీపంలో వలస పక్షులను పట్టి, కాలికి కడియం వేసి వదిలే పద్ధతిని ఇక్కడే చూశాడు. ముప్పై ఏళ్ళ తరువాత భరత్‌పూర్‌లో ఈ విద్యే ఉపయోగపడింది.

1930లో తిరిగి వచ్చేసరికి నిధుల కొరతతో ఆ ఉద్యోగమే రద్దయి ఉంది. ఇల్లు గడవడం కష్టమై, బొంబాయికి సమీపంలోని సముద్రతీర గ్రామం కిహిమ్‌కు మకాం మార్చాడు. ఇంటికి దగ్గరలోనే గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకొనేవి. చేతిలో పని లేని ఆ నెలలలో రోజూ వాటినే గమనించాడు. మగ గిజిగాడు గూడు సగం వరకు అల్లుతుందని, ఆడపక్షి వచ్చి చూసి నచ్చిన తరువాతనే మిగతాది పూర్తి చేస్తుందని, ఆమె గుడ్లు పెట్టగానే మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపక్షిని పిలుస్తుందని కనుగొన్నాడు. చంపి చర్మం భద్రపరచిన పక్షి ఈ సంగతులు చెప్పలేదు. సలీం అలీ శాస్త్రవేత్తగా స్థిరపడింది ఉద్యోగం పోయిన ఈ కాలంలోనే అని చెప్పవచ్చును.

హైదరాబాదు సర్వే

కిహిమ్ తరువాత సలీం అలీ ఒక కొత్త మార్గం ఎంచుకున్నాడు. జీతం లేకుండా పనిచేస్తానని, ప్రయాణానికి, గుడారాలకు అయ్యే ఖర్చు భరిస్తే చాలునని తెలిపి, సంస్థానాల సహకారంతో పక్షుల సర్వేలకు పూనుకున్నాడు. వీటిలో మొదటిది నిజాం ప్రభుత్వ సహాయంతో 1931-32లో హైదరాబాదు సంస్థానంలో జరిగినది. దాని ఫలితాలు 1933, 1934 సంవత్సరాలలో సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రచురితమయ్యాయి. తెలంగాణ ప్రాంతపు పక్షుల గురించి తొలినాళ్ళ సమగ్ర సమాచారం ఇందులోనే లభిస్తుంది. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు మొదలైన సంస్థానాలలోను ఇటువంటి సర్వేలు నిర్వహించాడు.

ఈ యాత్రలలో భార్య తెహ్మీనా వెంట ఉండేది. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం ఆమె మరణించింది. సలీం అలీ మళ్ళీ వివాహం చేసుకోలేదు.

భరత్‌పూర్ సరస్సు

రాజస్థాన్ తూర్పు అంచున, ఆగ్రాకు పశ్చిమంగా భరత్‌పూర్ పట్టణం ఉంది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న పల్లపు నేలలోకి వర్షాకాలంలో గంభీర్, బాణగంగ నదుల వరద చేరేది. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ పాలకులు అజాన్ బంధ్ అనే కట్టను నిర్మించారు. తరువాత కాలంలో పల్లాన్ని చిన్న చిన్న గట్లతో మడులుగా విభజించి, తూముల ద్వారా నీరు వదిలి, శీతకాలమంతా లోతులేని నీరు నిలిచేలా ఏర్పాటు చేశారు. సుమారు 29 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతానికి అందులోని శివాలయం పేరు మీదుగా కేవలాదేవ్ అని, దట్టమైన అడవి అనే అర్థంలో ఘనా అని పేరు వచ్చింది.

ఈ ఏర్పాటంతా బాతుల వేట కోసం జరిగినది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ రాకతో పెద్ద ఎత్తున వేటలు ప్రారంభమయ్యాయి. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లార్డ్ లిన్‌లిత్‌గో, ఆయన అతిథులు ఒక్క రోజులో 4,273 పక్షులను కొట్టారు. ఆ తేదీన సలీం అలీకి 42 ఏళ్ళు నిండడం కేవలం కాకతాళీయం. వేటల లెక్కలను చెక్కిన రాతి ఫలకాలను ఆలయ సమీపంలో నిలిపారు.

స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానం విలీనమైంది. రాజుల వేట కోసం అంత నేలను, నీటిని అట్టిపెట్టడమెందుకన్న ప్రశ్న తలెత్తింది. సరస్సును ఎండగట్టి భూమిని సాగుకు ఇవ్వాలని స్థానికంగా ఒత్తిడి పెరిగింది. నేల కోసం, నీటి కోసం ఎదురుచూసే రైతుల కోరిక అన్యాయమైనదేమీ కాదు. సలీం అలీ ఈ విషయాన్ని ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దృష్టికి తీసుకువెళ్ళాడు. నెహ్రూకు ఈయన అప్పటికే పరిచయస్తుడు. 1942లో నెహ్రూ కారాగారంలో ఉండగా, నైనీ జైలులో ఉన్న కుమార్తె ఇందిరకు పంపిన పుస్తకం సలీం అలీ రచించినదే. నెహ్రూ జోక్యంతో సరస్సు నిలిచింది. 1956లో దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు.

అయితే మహారాజు వేట హక్కులు 1972 వరకు కొనసాగాయి. అభయారణ్యంలో వేట అన్నది నేటి పాఠకులకు వింతగా తోచవచ్చును. సలీం అలీ వేటను మొత్తంగా వ్యతిరేకించినవాడు కాదు. స్వయంగా సర్వేల కోసం వేలాది నమూనాలను సేకరించినవాడు. పక్షికి అసలు ప్రమాదం తుపాకీ కంటే దాని నీరు, గడ్డి, చెట్టు పోవడం వల్లనే అని ఈయన అభిప్రాయం. భరత్‌పూర్ విషయంలో ఇది చాలావరకు నిజం. బాతుల కోసం నీరు నిలిపిన రాజులే లేకపోతే కాపాడవలసిన సరస్సే ఉండేది కాదు.

శీతకాలపు పక్షులు

వర్షాకాలంలో ఈ సరస్సులోని తుమ్మ, కదంబ చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వేల సంఖ్యలో గూళ్ళు కడతాయి. అక్టోబరు నుండి దృశ్యం మారుతుంది. మధ్య ఆసియా, సైబీరియా సరస్సులు గడ్డకట్టే సమయానికి సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, చిన్న పరజలు గుంపులుగా దిగుతాయి. తల వెనుక రెండు నల్లని చారలుండే బార్ హెడెడ్ గూస్ టిబెట్, మంగోలియా ప్రాంతాల నుండి హిమాలయాలను దాటి వస్తుంది. మార్చి వరకు ఇవి ఇక్కడే ఉండి తిరుగుముఖం పడతాయి. మంచు తెర విడే ఉదయపు వేళ గట్ల మీద నిలబడితే పడవ అవసరం లేకుండానే వీటిని దగ్గరగా చూడవచ్చు. నీరు లోతులేనిది కావడం, దారులు నీటి మధ్య నుండి సాగడం ఇందుకు కారణం. తుపాకులు పట్టినవారి కోసం కట్టిన గట్లు దుర్భిణులు పట్టినవారికి ఇలా అనువుగా అమరాయి.

వీటన్నిటిలో అరుదైనది సైబీరియా కొంగ. తెల్లని దేహం, ఎర్రని ముఖం గల ఈ పక్షి లోతులేని నీటి అడుగున దుంపలను తవ్వుకొని తింటుంది. భారతదేశంలో దీని ప్రధాన శీతకాలపు నెలవు భరత్‌పూరే. 1964-65 శీతకాలంలో సుమారు 200 పక్షులు వచ్చాయి. ఆపై ఏటేటా తగ్గిపోయాయి. దారిలోని దేశాలలో వేట, నీటి నెలవులు ఎండిపోవడం ఇందుకు కారణాలుగా భావిస్తారు. 2002 తరువాత భరత్‌పూర్‌లో ఇవి కనిపించలేదు.

కాలికి కడియం

ఈ పక్షులు ఉత్తరం నుండి వస్తాయని అందరికీ తెలుసు. ఎక్కడి నుండి, ఏ దారిన అన్నదానికి మాత్రం ఆధారాలు స్వల్పం. హెలిగోలాండ్‌లో చూసిన పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేయాలని సలీం అలీకి కోరిక ఉన్నా నిధులు లేవు. అవకాశం ఒక వ్యాధి రూపంలో వచ్చింది. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు, మనుషులు ఒక కొత్త జ్వరంతో మరణించారు. దీనికి కారణమైన వైరస్ రష్యాలోని ఒక వ్యాధి వైరస్‌ను పోలి ఉండడంతో, వలస పక్షులకు అంటుకొన్న పిడుదుల ద్వారా ఇది వచ్చి ఉండవచ్చునని శాస్త్రవేత్తలు అనుమానించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో సొసైటీ పక్షుల వలస అధ్యయనం ప్రారంభించింది. దీనికి సలీం అలీ నాయకత్వం వహించాడు.

భరత్‌పూర్ ఈ అధ్యయనానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి. పక్షికి గాయం కాకుండా పట్టడం పుస్తకాల విద్య కాదు. అందుకు బీహారుకు చెందిన మీర్‌షికార్లు అనే సంప్రదాయ వేటగాళ్ళను నియమించుకున్నారు. తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకొని జీవించిన వీరు వలలు, ఉచ్చులతో బాతులను ప్రాణాలతో పట్టేవారు. పట్టిన పక్షిని కొలిచి, తూచి, పిడుదులు ఏరి, కాలికి అల్యూమినియం కడియం తొడిగి వదిలేవారు. కడియం మీద ఒక సంఖ్య, దొరికినవారు బొంబాయి సొసైటీకి తెలియజేయవలసిందిగా కోరే చిన్న వాక్యం ఉండేవి. ఎక్కడో ఒక వేటగాడు ఆ పక్షిని కొట్టి, కడియం చూసి, ఉత్తరం వ్రాస్తేనే ఫలితం తెలిసేది. వేల కడియాలకు కొద్ది ఉత్తరాలే వచ్చినా, వాటి ద్వారా భరత్‌పూర్ బాతులు సైబీరియాకు, కజకిస్తాన్‌కు చేరుతున్నట్లు రుజువైంది. క్యాసనూర్ జ్వరాన్ని పక్షులు తెచ్చాయన్న అనుమానానికి మాత్రం ఆధారం దొరకలేదు. అధ్యయనానికి తరువాతి దశలో అమెరికా సైనిక సంస్థల నిధులు అందడంపై 1970వ దశకంలో పార్లమెంటులో విమర్శలు వచ్చాయి.

గేదెల నిషేధం

భరత్‌పూర్ చుట్టుపక్కల గ్రామాల పశువులు తరతరాలుగా ఈ సరస్సులో మేసేవి. గేదెలు నీటిలో దిగి గడ్డి తినేవి. ఇది పక్షులకు హాని అని, పశువులను పూర్తిగా తొలగించాలని సలీం అలీతో పాటు అనేకమంది సంరక్షకులు అభిప్రాయపడ్డారు. 1982లో జాతీయ ఉద్యానవనం ఏర్పడడంతో మేత నిషేధించబడింది. ఆ ఏడాది నవంబరులో నిరసన తెలిపిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించారు.

ఆ తరువాత సరస్సులో జరిగినది ఎవరూ ఊహించలేదు. గేదెలు లేకపోవడంతో పాస్పాలం అనే గడ్డి నీటి ఉపరితలమంతా దట్టంగా అల్లుకుంది. బాతులు ఈదే విశాలమైన నీరు తరిగిపోయింది. చేపలు తినే పక్షులకు వేట కష్టమైంది. సొసైటీ శాస్త్రవేత్తలు 1980 నుండి పదేళ్ళపాటు జరిపిన అధ్యయనం గేదెల మేత ఈ సరస్సుకు మేలు చేసేదని, నిషేధం వల్ల నీటిపక్షులు తగ్గాయని తేల్చింది. నిషేధాన్ని కోరిన సంస్థే దాని తప్పును అంకెలతో నిరూపించడం విశేషం. అధ్యయనం ముగిసేనాటికి సలీం అలీ జీవించి లేడు. గిజిగాళ్ళ విషయంలో నెలల తరబడి చూసిన తరువాతనే మాట్లాడిన శాస్త్రవేత్త, గేదెల విషయంలో చూడకముందే నిర్ణయానికి వచ్చాడని చెప్పక తప్పదు. అయితే సరస్సే పొలమైపోయి ఉంటే ఈ చర్చకు తావే ఉండేది కాదన్నదీ నిజమే.

రచనలు

1941లో వెలువడిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ భారతదేశంలో పక్షి వీక్షణను ఒక అలవాటుగా మార్చింది. చదువరికి శాస్త్ర పరిజ్ఞానం లేదన్న ఎరుకతో వ్రాసిన గ్రంథమిది. పక్షి పరిమాణాన్ని అంగుళాలతో కాక పిచ్చుకంత, మైనా అంత, కాకి అంత, గ్రద్ద అంత అని అందరూ ఎరిగిన పక్షులతో పోల్చి చెప్పడం దీని ప్రత్యేకత. అమెరికా శాస్త్రవేత్త ఎస్. డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన భారత, పాకిస్తాన్ పక్షుల హ్యాండ్‌బుక్ 1968-1974 మధ్య పది సంపుటాలుగా వెలువడింది. దీని చివరి సంపుటం వచ్చేనాటికి ఈయన వయసు 77 దాటింది.

మోటారు సైకిళ్ళంటే సలీం అలీకి ఎనలేని మక్కువ. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో జరిగిన అంతర్జాతీయ పక్షి శాస్త్ర మహాసభకు తన సన్‌బీమ్ బండిని ఓడలో ఐరోపాకు తీసుకుపోయి, అక్కడి నుండి దానిపైనే వెళ్ళాడు. భారతదేశం నుండి అంత దూరం బండి మీదనే వచ్చాడని సభికులలో పుకారు పుట్టింది.

కలివికోడి

కడప ప్రాంతపు చిట్టడవులలో తిరిగే కలివికోడిని 1848లో థామస్ జెర్డాన్ శాస్త్ర ప్రపంచానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని భావించిన ఈ పక్షిని సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలో, స్థానిక వేటగాని సహాయంతో తిరిగి కనుగొన్నాడు. పుస్తకాలలో లేదనుకొన్న పక్షిని ఊరివారు గుర్తుపట్టగలిగారు. ఆనాటికి సలీం అలీ వయసు 89.

గౌరవాలు, మరణం

భారత ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలతో ఈయనను గౌరవించింది. 1967లో బ్రిటిష్ ఆర్నిథాలజిస్ట్స్ యూనియన్ బంగారు పతకం పొందాడు. బ్రిటిష్ పౌరుడు కానివారికి ఆ పతకం లభించడం అదే మొదటిసారి. పట్టా లేదని ఒకప్పుడు ఉద్యోగం దొరకని ఈయనకు అలీగఢ్, ఢిల్లీ విశ్వవిద్యాలయాలు, 1978లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. జాన్ పాల్ గెట్టీ పురస్కారంగా లభించిన ధనాన్ని ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చివేశాడు. 1985లో రాజ్యసభకు నామినేట్ చేయబడ్డాడు. అదే సంవత్సరం కేవలాదేవ్ ఉద్యానవనం యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేరింది.

సలీం అలీ 1987 జూన్ 20న బొంబాయిలో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. 1990లో కోయంబత్తూరులో ఈయన పేరిట పక్షి శాస్త్ర, ప్రకృతి చరిత్ర కేంద్రం ఏర్పడింది. కేరళలోని తట్టెకాడ్, గోవాలోని చొరావ్ పక్షుల అభయారణ్యాలకు ఈయన పేరు పెట్టారు. దక్షిణ భారతదేశంలోని ఒక అరుదైన గబ్బిలానికి, 2016లో హిమాలయాలలో గుర్తించిన ఒక పాటల పిట్టకు శాస్త్రీయ నామాలలో ఈయన పేరు చేరింది. ఈయన జన్మదినమైన నవంబర్ 12ను దేశంలో జాతీయ పక్షుల దినంగా పాటిస్తారు. భరత్‌పూర్‌లో వలస బాతులు నిండుగా కనిపించే కాలం అదే.